ఎర్త్ గుంతలో ఉప్పు

వకీలు సాబు ఇంటి ఎర్త్ గుంతలో నేను ఉప్పు వేయలేదన్న సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు డైరీలో కూడా "ఎండ ఎక్కువ" అని మాత్రమే రాసుకున్నాను.

మా బాపు నల్లగొండలో కరెంటు పని చేసేవాడు. పక్కింటి వకీలు సాబు భార్య గుండెజబ్బు మనిషి. ఆమె వేసవికి తట్టుకోలేకపోతున్నదని ఆయన హైదరాబాదు నుంచి కిటికీలో బిగించే ఎయిర్ కండిషనర్ తెప్పించాడు. వాడకట్టంతా దాన్ని ఠండా మిషన్ అన్నది. వెంట వచ్చిన మెకానిక్, ఎర్త్ బాగుంటే తప్ప స్విచ్ వేయనన్నాడు. ఎక్కడో తీగ మీద పిడుగు పడినా ఆ దెబ్బ ఇంటిదాకా వస్తుందట. అది నేలలోకి దిగిపోవడానికి దారి ఉండాలట.

ఆ దారి వేయడం బాపు పని. కుదరకపోతే పట్నం మనిషిని పిలిపిస్తానని వకీలు సాబు అందరి ముందే అన్నాడు. అదే జరిగితే ఊళ్లో బాపును ఇంకెవరు పిలుస్తారు?

మా నేల పైన మొరం, కింద బండ. వేసవిలో తడి దొరకదు. అందుకని లోతుగా గుంత తీసి, చిల్లులున్న ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరుస బొగ్గు, ఒక వరుస రాళ్లుప్పు వేసి పూడుస్తారు. బాపు లేనప్పుడు ఆయన పెట్టెలోని వైరింగు పుస్తకం చదివేదాన్ని కాబట్టి, ఉప్పు తడిని పట్టి ఉంచుతుందని నాకు తెలుసు. మట్టి కరెంటును తాగుతుందని బాపు అనే మాట మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. తాగి ఎక్కడ దాచుకుంటుంది?

గొట్టం నిలబెట్టగానే బాపుకు పానగల్‌లో మోటారు ఆగిపోయిందని కబురొచ్చింది. మిగతా వరుసలు వేసి మన్ను కప్పమని నాకు చెప్పి వెళ్లాడు. బొగ్గు వేశాను. ఉప్పు దోసిట్లోకి తీసుకోగానే అవ్వ మాట గుర్తొచ్చింది. నేలపాలు చేసిన ఉప్పును చచ్చినాక కనురెప్పలతో ఒక్కో రాయీ ఎత్తాలని బాపు తల్లి నా చిన్నప్పటి నుంచీ చెప్పేది. అది చిటికెడు ఉప్పు గురించి. నా ముందున్నది గోనెసంచెడు. సంచిని కందికట్టె వెనక దాచి, గుంతను మన్నుతోనే పూడ్చాను.

మరునాడు బాపు బల్బు పెట్టి చూశాడు. దాని ఒక తీగ కరెంటుకు, రెండోది గొట్టానికి తగిలిస్తే, ఎర్త్ మంచిదైతే బల్బు తెల్లగా వెలగాలి. ఎర్రగా మిణుకుమన్నది.

"గిది బల్బా, బీడీయా?" అన్నాడు వకీలు సాబు.

మెకానిక్ నవ్వి, సాయంత్రం బస్సుదాకా చూస్తానన్నాడు. బాపు బిగించిన బోల్టులే మళ్లీ విప్పి బిగించాడు. ఉప్పు వేశావా అని నన్ను అడగనే లేదు. తన చేతులనే తిప్పి చూసుకున్నాడు. పడమట మబ్బు లేస్తున్నది.

అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు సంచి ఈడ్చుకొచ్చాను. అప్పుడు తోచింది, కరిగిన ఉప్పును రెప్పలతో ఎత్తాలని అవ్వ ఎప్పుడూ అనలేదు కదా. బకెట్లో కలిపి గొట్టంలో పోశాను. ఏడో ఎనిమిదో బకెట్లు. గొట్టం గుటగుట తాగింది. ఎవరైనా వింటారేమోనని భయపడుతూనే, ఇంకెంత తాగుతుందోనని చెవి ఆనించి విన్నాను.

బాపు మళ్లీ తీగ తగిలించాడు. బల్బు తెల్లగా వెలిగింది. మెకానిక్ మిషన్ నడిపించి చూపి బస్సుకు పోయాడు.

ఆ సాయంత్రమే ఉరిమింది. వాడకట్టంతా అర్జునా ఫల్గుణా అని తలుచుకుంటుంటే బాపు వెళ్లి మిషన్ ప్లగ్గు పీకాడు. ఎర్త్ ఎంత మంచిదైనా మెరిసేటప్పుడు ప్లగ్గు పీకడమే మేలని వకీలు సాబుకు చెప్పి వచ్చాడు. వీధి చివర ఒకరింట్లో రేడియో కాలిపోయింది. ఠండా మిషన్‌కు ఏమీ కాలేదు.

మరునాడు నా ఓణీ ఉతకబోయిన అవ్వ, అంచున తెల్లగా పేరుకున్నదాన్ని గోటితో గీకి నాలుక మీద వేసుకుంది. నా వైపు చూసింది.

చలికాలంలో ఆమె మంచం పట్టింది. ఒక పొద్దున, పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటున్న నన్ను వంగమని సైగ చేసి, నా కళ్ల మీద అరచెయ్యి పెట్టింది. అప్పుడన్నదే అవ్వ ఆఖరి మాట.

"గా ఉప్పు నేనెత్తుత తీ, బిడ్డా. నీ రెప్పలు చదువుకు ఉండనియ్యి."