నిండా పెట్టిన గ్రీజు

బ్రేకులు బాగు చేయించుకుందామని జగిత్యాలలో ఏ గ్యారేజీకి వెళ్లి కూర్చున్నా, వేడెక్కిన ఇనుము మీద కరిగే గ్రీజు వాసన ముక్కుకు తగిలిందంటే నాకు ఇప్పటికీ ఊపిరాడనట్టు ఉంటుంది. మనసు అక్కడ నిలవదు. ఎనభైల మొదట్లో షార్జాలో, రోలా బజారు వెనక సందులో మేమున్న ఒంటి గదిలోకి వెళ్లి కూర్చుంటుంది. కారు వాసనకు గది గుర్తుకు రావడమేమిటని మా ఆయన నవ్వుతాడు, కానీ నాకు ఆ రెండూ వేరు వేరు కావు.

బాపు ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రైవరు. పొద్దున్నే డ్యూటీకి పోతూ తలుపుకు బయట తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకునేవాడు. ఇది ఆయన ఒక్కడి పద్ధతి కాదు. చుట్టూ గదుల నిండా ఒంటరి మగవాళ్లు ఉన్న ఆ బిల్డింగులో, ఆడవాళ్లున్న ప్రతి గదికీ అదే ఏర్పాటు, అదే క్షేమం అనుకునేవాళ్లు. ఆ ఏడాది నాకు బళ్లో సీటు దొరకలేదు కాబట్టి అమ్మతో పాటు నేనూ లోపలే. పొద్దస్తమానం గరగరలాడే ఏసీ, ఎండ పడకుండా కిటికీ అద్దానికి అంటించిన వెండి కాగితం, దాని చిరుగులోంచి కనిపించే అరచేతంత ఆకాశం, మూల గ్యాసు పొయ్యి మీద ఉడికే పప్పు ఆవిరి, సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన గవ్వలతో అమ్మా నేనూ ఆడే అచ్చనగండ్లు, ఇంతే మా లోకం. బతుకమ్మ పండుగకు అమ్మ రంగు కాగితాలు కత్తిరించి తంగేడు పూలు, గునుగు పూలు చేసి స్టీలు పళ్లెంలో పేర్చేది. చుట్టూ తిరగడానికి జాగా చాలక మంచం గోడకు నిలబెట్టి, పక్కవాళ్లకు వినపడకుండా గొంతులోనే పాడుకుంటూ తిరిగేవాళ్లం. నువ్వుల సత్తుపిండి మాత్రం అచ్చం ఊళ్లో లాగే ఉండేది.

శుక్రవారం అక్కడ సెలవు, ఆ ఒక్క రోజే పగలు తాళం తీసి ఉండేది. బాపుకు పాత జపాను కారు ఒకటి ఉండేది, దాంట్లో రాస్ అల్ ఖైమా అనే ఊరికి పోయేవాళ్లం. అక్కడ అమ్మ చెల్లెలు, మా రాజవ్వ చిన్నమ్మ ఉండేది. దారి పొడుగునా ఇసుక, ఒంటెలు, ఎడమ పక్క అప్పుడప్పుడు తళుక్కుమనే సముద్రం, కిటికీలోంచి ముఖం బయట పెట్టి గాలి మింగే నేను. చిన్నమ్మకు అప్పుడు నెలలు నిండాయి. కాన్పు వేళకు పక్కన ఉంటానని అమ్మ మాటిచ్చింది. ఆ దేశంలో చిన్నమ్మకు అమ్మ తప్ప మరో ఆడదిక్కు లేదు.

కానీ అప్పటికే కారు ముందు చక్రాన్ని బ్రేకు వదలకుండా పట్టేస్తోంది. ఒక శుక్రవారం బాపు బిల్డింగు వెనక ఇసుక జాగాలో చక్రం ఊడదీసి కూర్చున్నాడు. చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు దవడ రెండు పిన్నుల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది, అవి జారకపోతే తొక్కిన బ్రేకు వదలదు. తుప్పు పట్టిన పిన్నులను సుత్తితో కొట్టి బయటికి తీసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పెట్రోలుతో కడిగాడు. అంతా బాగానే చేశాడు. కానీ మా బాపు ఎడ్లబండి తోలి పెరిగిన మనిషి, ఇరుసుకు ఆముదం కందెన కారేదాకా పూస్తే తప్ప తృప్తి లేని చెయ్యి. కంపెనీ యార్డు నుంచి తెచ్చిన ముదురు గోధుమరంగు గ్రీజును పిన్ను దూరే రంధ్రాల నిండా కూరాడు. పిన్ను తోస్తే, లోపల చిక్కిన గాలి దాన్ని మెల్లగా బయటికి నెట్టింది. బాపు నవ్వి, అరచేత్తో అదిమిపట్టి బోల్టు బిగించాడు.

వారం తిరిగేసరికి చిన్నమ్మకు నొప్పులు మొదలయ్యేటట్టు ఉన్నాయని, తొందరగా రమ్మని ఊరి మనిషి ఒకాయన కబురు తెచ్చాడు. శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. సందు దాటక ముందే చక్రం నుంచి పొగ లేచింది. వెనక్కి తెచ్చి విప్పి చూస్తే, పిన్నుల మీది రబ్బరు తొడుగులు నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. ఆ గ్రీజు రబ్బరుకు పడదని బాపుకు తెలియదు. పిన్ను లోపలే బిగుసుకుంది. కొత్త రబ్బర్లు కొందామంటే శుక్రవారం సాయంత్రం దాకా దుకాణాలు తెరవరు.

"నిండ పెట్టిన గదనే. ఇరుసుకు పెట్టినట్టు పెట్టిన. ఎట్ల పట్టుకున్నదో సమజైతలేదు," అన్నాడు బాపు.

"అది ఇరుసు కాదు గద," అంది అమ్మ.

చేతులు గ్రీజుమయమై ఉన్నాయని, తాళంచెవి తన జేబులోంచి అమ్మనే తీసుకోమని, గదిలోంచి పాత లుంగీ తెమ్మన్నాడు. అమ్మ ఒక చేతిలో లుంగీ, ఇంకో చేతిలో బట్టల సంచితో దిగింది. గదికి తాళం తనే వేసి వచ్చింది.

"టాక్సీల పోత," అంది.

"గా మగోళ్ల నడుమ యాడ కూసుంటవ్?"

"బిడ్డ ఉన్నది నాతోని. చెల్లె ఒక్కతే ఉన్నదయ్యా ఆడ."

బాపు సుత్తి కింద పెట్టాడు. తర్వాత చేతులు తుడుచుకుని మాకంటే ముందు నడిచి, మనుషులు నిండితే కదిలే టాక్సీల అడ్డాలో ఒక పఠాను డ్రైవరుతో హిందీలో మాట్లాడి మమ్మల్ని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. అమ్మ దారి పొడుగునా మా గది తాళంచెవిని గుప్పిట్లోనే పట్టుకుంది. నాకు భయంగా ఉంది, అంతకంటే ఎక్కువగా సంతోషంగా ఉంది.

మిగతా వాళ్లందరినీ దింపాక డ్రైవరు మమ్మల్ని చిన్నమ్మ ఇంటి ముందు దించాడు. తలుపుకు బయట తాళం వేలాడుతోంది.

"అక్కా, సెలవైనా పిలిచిండ్రని ఆయన డ్యూటీకి పోయిండు. పగటీలి బువ్వకు వస్తనన్నడు," అమ్మ పిలుపుకు లోపలి నుంచి చిన్నమ్మ గొంతు. మాట పూర్తి కాకుండానే మూలుగు. అలాంటి మూలుగు నేను అంతకు ముందు వినలేదు.

అమ్మ పిచ్చిదానిలా మా గది తాళంచెవినే ఆ తాళంలో పెట్టి తిప్పింది. అది తిరుగుతుందా? తలుపును గుద్దింది, ఏడ్చింది. వెళ్లబోతున్న పఠాను ఆగి చూసి, డిక్కీలోంచి టైరు విప్పే ఇనుప కడ్డీ తెచ్చి, "హటో బహెన్," అని అమ్మను పక్కకు జరగమని, గొళ్లేన్ని చెక్కతో సహా పెకలించాడు. అదే టాక్సీలో ఆసుపత్రికి పోయాం. మధ్యాహ్నానికి తమ్ముడు పుట్టాడు. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని అక్కడి నర్సు అమ్మతో అంది.

బాపు రాత్రికి వచ్చాడు. రబ్బర్లు మార్చి, దుకాణం వాడు చెప్పిన గ్రీజు పల్చగా పూసి బిగించాడట, చక్రం ఇప్పుడు వేలితో తోస్తే తిరుగుతోందని చెప్పాడు. మర్నాడు ఇంటికొచ్చాక తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

"నా దగ్గరుంటది," అంది అమ్మ.

బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ రోలా ఇప్పుడు లేదు. మా బిల్డింగు ఉన్నచోట అద్దాల దుకాణాలు లేచాయని వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు. అలా ఊరి మనుషుల చేత కబుర్లు పంపుకునే రోజులూ పోయాయి. బాపు పోయాడు. ఆ తర్వాత చిన్నమ్మా పోయింది. అప్పుడు బాలింతగా ఆమె ఇంటికి తిరిగొచ్చిన వారంలోనే ఆ తలుపుకు కొత్త గొళ్లెం, ముందుదానికంటే బలమైనది, బిగించారు. తాళం మళ్లీ బయటి నుంచే. ఆమె చేతిలో తాళంచెవిని నేను ఎన్నడూ చూడలేదు.