సంచి బొమ్మ మీద బూడిద

మా పక్కింటి పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున ఆమె కోడలు గోడ అవతలి నుంచి చెప్పింది. నేను కంప్యూటర్ ముందున్నాను.

పెద్దమ్మ గద్వాల మగ్గాల మీద పోగులు అతికేది. పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు దాని కొసలు మగ్గం మీదే ఉంచి, కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెడతారు. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. మోకాళ్లు పట్టేశాక ఆమె వీధి దాటలేదు. సొంతింటి మగ్గం, మా అరుగు, అంతే.

నేను చదువు మధ్యలో ఆపినవాణ్ణి. దుకాణాలకు రోజు లెక్కలు రాస్తూ, సొంతంగా నేర్చుకుని లెక్కల సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేశాను. దుకాణదారులు నా వెబ్‌సైట్ తెరిచి అందులోనే లెక్కలు వేసుకుంటారు. అందులోని బొమ్మలు నేనే గీశాను: అమ్మకానికి తక్కెడ, సరుకు నిల్వకు మూతి కట్టిన సంచి.

నిరుడు వనపర్తిలో ఒక దుకాణం యజమాని వాటిని చూసి నవ్వాడు. "గివేందన్నా, ఎడ్ల సంతల బోర్డు లెక్కున్నయి. గీ కాలంల ఎవడు తీసుకుంటడు?" అదే మాట ఇంకొన్ని చోట్ల కూడా విని, సన్నగీతల కొత్త బొమ్మల సెట్టు కొని, ఒక్కసారే అన్నీ మార్చేశాను.

తెల్లారి ఫోన్లు. తెలకపల్లి ఎరువుల దుకాణం ఆయనకు అక్షరం రాదు. బొమ్మలే ఆయన చదువు. "నా సంచి ఏడ వోయింది సారూ? దుకాణం నిండ మంది నిలవడ్డరు. పాతది వెడ్తవా, నీకో దండం వెట్టాల్నా?"

కొత్తవి ఉంచితే పాతవాళ్లు పోతారు. పాతవి ఉంచితే కొత్తవాళ్లు రారు. మా ఇల్లు నడిచేది ఈ సాఫ్ట్‌వేర్ మీదే.

"ఏంది కొడుకా, బోన్ల వడ్డ ఎలుక లెక్క కూసున్నవ్?" అంది పెద్దమ్మ అరుగు మీద నుంచి. కొత్త బొమ్మలు చూపించి, తెలకపల్లి ఆయన మాట చెప్పాను. "అన్ని ఒక్క తీరుగున్నయి గదరా. బడి ఇడిశినప్పుడు యూనిఫాంలల్ల నా మనుమడే నాకు దొర్కడు. గాయన సంచి గాయనకెట్ల దొర్కుతది?" మళ్లీ అంది: "పాతది కోసి పారేస్తె మగ్గం ఖాళీ. కొస ఉండంగనే కొత్తది అతకాలె. ఒక్కొక్కటే."

పాతవన్నీ తిరిగి పెట్టాను. ఆ తర్వాత పాత బొమ్మ పక్కనే కొత్తది కొన్నాళ్లు ఉంచి, అందరికీ అలవాటయ్యాక పాతది తీసేవాణ్ణి. ప్రతి కొత్త బొమ్మనూ ముందు పెద్దమ్మకు చూపేవాణ్ణి, ఆమెకూ అక్షరం రాదు కనుక. "గడియారమా గిది? మురుకు అనుకున్న" అంటే ఇంకొకటి వెతికేవాణ్ణి.

నిజం చెప్పాలంటే ఆ పద్ధతి నన్ను పూర్తిగా ఒడ్డుకు చేర్చలేదు. సగం పాత, సగం కొత్త సైటు చూసి వనపర్తి ఆయన మళ్లీ నవ్వాడు. "సూటు ఏసుకొని నెత్తికి రుమాలు సుట్టినట్టుందన్నా. మొత్తం మారినంక చెప్పు, తీసుకుంట." కానీ పాతవాళ్లలో ఒక్కరూ పోలేదు. మా పొయ్యి వెలుగుతూనే ఉంది, అది ఆమె చలవే. నేను విసుక్కున్నప్పుడల్లా "అతుకు కాడ తొందరవడితె రెండు దిక్కుల తెగుతది" అనేది.

చివరికి సంచి ఒక్కటే మిగిలింది. కొత్త సెట్టులో దాని బదులు అట్టపెట్టె ఉంది. ఆమె పోయే ముందు రోజు దాన్ని చూపాను. మగ్గం దగ్గరి నుంచి అట్లాగే గోడ పట్టుకుని వచ్చింది. "మన దుకాణాలల్ల గిసొంటి డబ్బా ఏడున్నదిరా?" అని తెర మీది సంచిని వేలితో నొక్కింది. "జరాగు. రేపు జూద్దం."

ఈ పొద్దున వనపర్తి నుంచి ఫోన్ వచ్చింది. "అయిందా అన్నా?" ఒక్కటే మిగిలిందని చెప్పి తెర ముందు కూర్చున్నాను. సంచి మీద ఆమె వేలి బూడిద గాజుకు అంటుకునే ఉంది. తెర తుడిచే గుడ్డ చేతిలోనే ఉంది.