నవాబుకు తుప్పు పట్టిందన్నాను

ఒక గుర్రం వంశాన్ని ఒక్క మధ్యాహ్నంలో ముగించబోయిన ఘనత నాది. ఆ గుర్రానికి నా మీద కోపం లేదు, నాకు దాని మీద పగ లేదు. అయినా ఆ వారం హసన్‌పర్తిలో దాని మగతనం, ఒక పాత స్నేహం, నా పరువు, మూడూ వరుసగా కత్తి కిందికి వెళ్లాయి. రెండు బతికి బయటపడ్డాయి. పోయింది ఏదో మీరు ఇట్టే పోల్చుకోగలరు.

మా కొమురయ్య మామ, అంటే మా అమ్మ తమ్ముడు, పెళ్లి బరాత్‌లకు గుర్రాలు పంపుతాడు. ఆయన దగ్గర పోతుగుర్రం నవాబు, ఆడగుర్రం రాణి ఉన్నాయి. రెండేళ్లుగా దాటించినా రాణికి చూలు నిలవలేదు. దానికి వయసు మీద పడుతోంది. ఈ ఎండాకాలం తప్పితే ఇక పిల్ల ఆశ లేదని మామ బెంగ. తప్పెవరిదో తేలాలంటే నవాబు వీర్యం పరీక్ష చేయాలి.

నేను పశువైద్యంలో డిప్లొమా చేసి, హనుమకొండలో ఒక డాక్టరమ్మ దగ్గర అసిస్టెంటుగా చేరి అప్పటికి మూడు నెలలు. డాక్టర్ కంటే నాకే ఎక్కువ తెలుసనిపించడానికి సరిగ్గా అంతే కాలం పడుతుంది.

మేడం హసన్‌పర్తి వచ్చి నవాబు దగ్గర శాంపిల్ తీశారు. ఆ ట్యూబును గోరువెచ్చని నీళ్లున్న ఫ్లాస్కులో పెట్టి నా చేతికిచ్చారు. అంతలో ఫోన్. ఎవరిదో బర్రె ఈనలేక అవస్థ పడుతోందట. కారెక్కుతూ, "ఉన్నదున్నట్టు క్లినిక్‌కు తీసుకుపో. మైక్రోస్కోప్ కింద చూసి నాకు చెప్పు. నేను కూడా చూసేదాకా మీ మామతో ఏమీ అనకు" అన్నారు.

ఇప్పుడు నా తెలివి చూడండి. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. మూడు నెలలుగా నేను మోసిన ప్రతి టీకా మందూ ఐసులోనే మోశాను. ఐసు కరిగితే మేడం నన్ను కరిగించేవారు. అలాంటి మనిషి ఇవాళ వెచ్చని నీళ్లలో పెట్టారంటే ఏమిటి అర్థం? పాపం, బర్రె కంగారులో పొరబడ్డారు! గురువు తప్పును గుట్టుగా దిద్దడమే శిష్యుడి ధర్మం అనుకున్నాను. బస్టాపు దగ్గర చెరుకు రసం బండివాడిని బతిమాలి ఐసు ముక్కలు తీసుకున్నాను. వెచ్చని నీళ్లు రోడ్డు మీద పారబోసి, ఫ్లాస్కు నిండా ఐసు కుక్కి, ట్యూబును అందులో పాతిపెట్టి బస్సెక్కాను. దారంతా నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

క్లినిక్‌లో మైక్రోస్కోప్ కింద చూశాను. ఒక్క కణం కదలడం లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసులా ఉంది లోపల. అందరి కుర్చీలూ ఉన్నాయి, పనిచేసేవాడు లేడు.

మేడం ఫోన్ ఎత్తలేదు. మామ మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏమైందిరా అల్లుడా?"

"మామా, జర గట్టిగ కూసో."

"కూసున్న. చెప్పు."

"ఒక్కటి గూడ బతికి లేదు. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటరు దీన్ని."

"అంటే?"

ముందురోజు రాత్రే ఫోన్‌లో చదివిన పాఠం. అప్పజెప్పేశాను. "మనం పీల్చే గాలిల ఆక్సిజన్ ఉంటది గదా మామా. ఒంట్ల అది అదుపు తప్పితే లోపలి కణాలను తింటది. ఇనుమును తుప్పు తిన్నట్టు. వేడి ఎక్కువైనా, పాడైన దాణా పెట్టినా గట్లనే అయితది."



"అంటే నా నవాబుకు తుప్పు పట్టిందా?"

"ఒకరకంగా అంతే."

"ఎవడు పట్టిచ్చిండ్రా?"

చూశారా, రోగం చెప్పగానే మందు అడిగేవాళ్లు మనుషులు. మా మామ ముద్దాయిని అడిగాడు. అడిగితే అడిగాడు, నేనేం చేశాను? సాయంత్రానికల్లా నోటుబుక్కు పట్టుకుని హసన్‌పర్తిలో దిగాను.

మొదటి అనుమానం బరాత్‌లో జనరేటర్ పొగ మీద. రెండోది మా అత్త మీద. గుర్రానికి దిష్టి తీసేటప్పుడు ఆమె చెయ్యి తిరగాల్సిన వైపు తిరగదట. అత్త పొయ్యి దగ్గర నుంచి ఒక్క చూపు చూసింది. ఆ పేరు కొట్టేశాను. మూడో పేరు దగ్గర మామ కళ్లు మెరిశాయి. సందు చివర దాణా దుకాణం సమ్మయ్య కాక. మామకు చిన్ననాటి దోస్తు. తవుడు ఆయన దగ్గరే కొంటారు.

ఇద్దరం వెళ్లి నిలబడ్డాం.

"సమ్మిగా, ఈ తవుడు ఏనాటిదిరా?"

"మొన్ననే దిగింది. ఏందే గట్ల జూస్తానవ్?"

"వాసన జూడు."

"నేనెందుకు జూడాలె? తినేది నీ గుర్రం."

"విన్నవా అల్లుడా? వాసన జూడనంటాండు!"

నేను రాసుకున్నాను: 'ముద్దాయి వాసన చూచుటకు నిరాకరించెను.'

"నీ తమ్ముడు బరాత్‌లకు కారు తిప్పుతాండు గదరా! నా గుర్రం ఖరాబైతే వానికి గిరాకీ పెరుగుతదనే గదా!" అన్నాడు మామ.

సమ్మయ్య కాక చేతిలోని చేట కింద పెట్టాడు. "కొమురీ, చిన్నప్పటి సంది ఒక్క కంచంల తిన్నోళ్లం. గీ మాట అంటవా?" అని షట్టర్ సగం దించేశాడు. నేను అదీ రాసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఉంది, దాన్ని తెరిచే ధైర్యమే లేదు.

మర్నాడు మామ ఇంకో నిర్ణయానికి వచ్చాడు. పిల్లలు పుట్టనప్పుడు పోతుగుర్రం పొగరు మాత్రం ఎందుకు? విత్తులు తీయిస్తే బ్యాండు మోతకు బెదరకుండా బుద్ధిగా నడుస్తుంది. నేరుగా మేడంకే ఫోన్ చేసి సోమవారం రమ్మన్నాడు.

మేడం వచ్చారు. కత్తుల పెట్టెతో పాటు మైక్రోస్కోప్ కూడా దించారు. "కోశాక మళ్లీ అతికించలేం. ముందు నా కళ్లతో చూడాలి" అన్నారు. మళ్లీ శాంపిల్ తీశారు. మళ్లీ గోరువెచ్చని నీళ్లు. వసారాలోనే మైక్రోస్కోప్ మీద వంగి చూసి, మామను పిలిచారు.

మామ ఒక కన్ను మూసి చూశాడు. "ఓయమ్మో! జాతర లెక్కున్నది!"

"కొన్ని నీరసంగా ఉన్నాయి. మిగతావి బాగానే ఈదుతున్నాయి" అంటూ మేడం నా వైపు తిరిగారు. "మొన్నటిది ఎట్లా తీసుకుపోయావు?"

"ఐసులో మేడం."

"నేను వెచ్చగా ఇచ్చాను కదా?"

"మీరు మరిచిపోయారనుకొని..."

"ఒక్కసారిగా చలి తగిలితే అవి చచ్చిపోతాయి బాబూ."



మామ నన్ను తిట్టబోయాడు కానీ మేడం ఆయన్నీ వదల్లేదు. రేకుల షెడ్డులోకి వెళ్లి ఒక సంచీ మూతి విప్పారు. ముక్కిన వాసన గుప్పుమంది. "కొమురయ్యా, ఈ తవుడు ఎప్పటిది?"

"దసరాకు... సస్తగ వస్తాందని ఒక్కపారే దించిన మేడం."

ఈ నెలలన్నీ రేకుల వేడికి ఉడికిన తవుడు అది. సమ్మయ్య కాక అమ్మిననాడు అది మంచిదే. 'ఆక్సిడేటివ్ స్ట్రెస్' అన్న మాటొక్కటి నేను గుడ్డిగా నిజం చెప్పాను. ముద్దాయి మాత్రం మా ఇంటి కప్పు కిందే, మా మామ చొక్కా వేసుకుని తిరిగాడు. నీడ, పచ్చగడ్డి, విటమిన్-ఇ మందు రాసిచ్చి, రెండు నెలలాగి దాటించమని చెప్పి మేడం కత్తుల పెట్టె మూశారు. నవాబు నా వైపు చూసిన చూపు మాత్రం ఇంకా మూతపడలేదు.

సమ్మయ్య కాక దగ్గరికి మామా నేనూ కలిసే వెళ్లాం. ఆయన షట్టర్ ఎత్తాడు కానీ, ముందు తన దుకాణంలోని సంచీలన్నీ మామ చేత వాసన చూపించాడు. పదకొండు సంచీలు. ఆ తర్వాతే చాయ్ చెప్పాడు.

ఎండాకాలం చివర మేడం రాణికి స్కానింగ్ చేశారు. తెర మీద చిన్న నల్లని చుక్క. మామ కాశిబుగ్గలో బరాత్‌లో ఉన్నాడు. నేను ఎగిరి గంతేసి ఫోన్ చేశాను.

"మామా! రాణి చూలుతోని ఉన్నది!"

బ్యాండు మోత మధ్య గొంతు ఆచితూచి వచ్చింది. "ఎవరు జూసిన్రు?"

"మేడమే."

"నువ్వెక్కడున్నవ్?"

"పక్కనే."

"నువ్వు జర గేటు బయట నిలబడు. మేడంను మళ్లొకపారి జూడుమను."

గేటు బయట నిలబడే, మండుటెండ సాక్షిగా, నేను ఈ ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ ప్రాణి అయినా చచ్చిందని చాటే ముందు, చంపింది నేను కాదని తేల్చుకుంటాను.