గోడ మీంచి పడని సిపాయి

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను తిరువూరుకు వేశారు. అంతకుముందు దాదాపు మూడు దశాబ్దాలు సైన్యంలో క్లర్కుగా పనిచేసి, సుబేదారు హోదాలో బయటికి వచ్చాను. తర్వాత మాజీ సైనికుల సంక్షేమ సహాయకుడిగా కాంట్రాక్టు మీద చేరాను. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట మండలాలు నా కిందికి వచ్చేవి. బస్టాండు దగ్గర మేడ మీద ఒక గది ఇచ్చారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి మెట్లెక్కడం కష్టం కాబట్టి ఎక్కువ రోజులు కింద టీ కొట్టు బెంచీ మీదే నా ఆఫీసు.

వచ్చే పనుల్లో సులువైనవి పింఛను పేరు మార్పులు, పిల్లల చదువు సాయాలు. కష్టమైనవి వైకల్య పెన్షన్ దరఖాస్తులు. వీటిలో తేల్చాల్సినవి రెండు. ఆ దెబ్బ సర్వీసు కారణంగా తగిలిందా లేక సర్వీసు వల్ల ముదిరిందా అన్నది మొదటిది. అది ఎంత శాతం వైకల్యం అన్నది రెండోది. రెండోది డాక్టర్లు చూసుకుంటారు. మొదటిదానికి కాగితాలు కావాలి. పూర్తి సర్వీసు చేయకుండా ఇంటికి వెళ్ళిన సిపాయిల కాగితాలను రికార్డు ఆఫీసులు నిర్ణీత గడువు దాటాక తీసేస్తాయి. లాంగ్ రోల్ అనే శాశ్వత రిజిస్టరు ఒక్కటే మిగులుతుంది. అందులో మనిషికి ఒక వరుస. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు వెళ్ళాడు, ఎందుకు వెళ్ళాడు, అంతే.

మల్లికార్జునరావుది గంపలగూడెం. పత్తి రైతు. సైన్యంలో కొన్నేళ్ళు చేశాక తుంటి దెబ్బతిని, వైద్య కారణాల మీద ఇంటికి వచ్చేశాడు. అప్పట్లో వైకల్య పెన్షన్ అడగవచ్చని అతనికి తెలియదు. తన దగ్గరున్న కాగితాలు చెదలు తినేశాయి. ఇప్పుడు తుంటి ఎముక అరిగి, చేలో నాలుగు సాళ్ళు నడిస్తే కూర్చుండిపోతున్నాడు. విజయవాడ డాక్టరు కీలు మార్చాలన్నాడు. వైకల్య పెన్షన్ మంజూరైతే మాజీ సైనికుల వైద్య కార్డు వస్తుంది, ఆ కార్డు మీద ఆపరేషన్ అవుతుంది. అతను నా దగ్గరికి వచ్చింది నెల నెలా వచ్చే పెన్షన్ కోసం కాదు, నడక కోసం.

భార్య పద్మతో కలిసి షేర్ ఆటోలో వచ్చాడు. ఎలా దెబ్బ తగిలిందని అడిగాను. సాయంత్రం వాలీబాల్ ఆడుతూ, ఎగిరి కింద పడ్డానని చెప్పాడు.

"ఆటలో పడ్డానని రాస్తే పని జరగదు. శిక్షణలో అడ్డుగోడ దాటుతూ పడ్డానని రాద్దాం," అన్నాను.

పద్మకు నవ్వొచ్చింది. "ఈయనా? గోడెక్కాడా? అన్నయ్యగారూ, మా ఇంట్లో అటకెక్కి కుండ దించమంటే పక్కింటోళ్ళని పిలుస్తాడండీ!"

"నువ్వు ఊరుకో. సుబేదారు గారికి తెలీదా?" అన్నాడు మల్లికార్జునరావు. నేను రాసి ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు. చదవనైనా లేదు.

ఎందుకలా రాశానో ఇక్కడ చెప్పాలి. యూనిట్ ఆఫీసులో గాయం రిపోర్టులు తయారుచేసిన రోజుల్లో నాకొక అలవాటు పడింది. ఆటలో దెబ్బ అని రాస్తే పైనుంచి ప్రశ్నలు వచ్చేవి. ఆట ఎవరు ఆడించారు, అనుమతి ఉందా అని. శిక్షణ అని రాస్తే ఫైలు సాఫీగా వెళ్ళిపోయేది. అబ్జెక్షన్ పడని ఫైళ్ళు పంపే క్లర్కుగా నాకు పేరుండేది. ఆ పేరు నాకు ఇష్టం. ఎదుటి మనిషి చెప్పేది వినడానికంటే, వెనక్కి రాని కాగితం తయారుచేయడానికే నా తెలివి అంతా వాడాను.

కొన్ని నెలలకు రికార్డు ఆఫీసు జవాబిచ్చింది. లాంగ్ రోల్ ప్రకారం ఇతను వైద్య కారణాలతో వెళ్ళిన మాట నిజమే, గాయం ఎలా తగిలిందో చెప్పే కాగితాలు గడువు తీరి తీసేశారు, కాబట్టి ఆనాటి తోటి సైనికుడి ప్రమాణపత్రం పంపండి అని. అతని యూనిట్‌లోనే పనిచేసిన నాగేశ్వరరావు విస్సన్నపేటలో మామిడికాయల వ్యాపారం చేస్తున్నాడని తెలిసి వెళ్ళాను. అతను షెడ్డులో కాయలు గ్రేడు చేయిస్తున్నాడు. నేను తయారుచేసుకెళ్ళిన ప్రమాణపత్రం నిలబడే చదివాడు.

"గోడేంటి సార్? నెట్టుకి అవతలున్నది నేనే. వాడు స్మాష్ కొట్టి సరాసరి నా పాదం మీద దిగాడు. ఇప్పటికీ ముసురు పడితే నా బొటనవేలు సలుపుద్ది. ఎవడు చెప్పాడు మీకు గోడ సంగతి?"

ఎవరూ చెప్పలేదు, నేనే రాశానన్నాను. అతను కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

"కాయ పుల్లగా ఉంటే పులుపని చెప్పి అమ్ముకుంటన్నాం సార్. మీరేమో ఉన్న మాట వదిలేసి లేనిదానికి ప్రమాణం చెయ్యమంటన్నారు."

అప్పుడు మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను. ఆ ఆటకు రోల్ కాల్ ఉండేదా?

"ఉండకేం? గేమ్స్ పరేడ్ కదా. రాకపోతే మర్నాడు గ్రౌండు చుట్టూ పరుగు."

పేరు పిలిచి హాజరు వేసి ఆడించే ఆట సైన్యంలో డ్యూటీయే. అందులో తగిలిన దెబ్బ సర్వీసు దెబ్బే. ఇది నాకు తెలియని నియమం కాదు. ఆ పరేడ్‌లో నేనూ ఏళ్ళ తరబడి నిలబడ్డాను. ఉన్న నిజమే చాలిన చోట అబద్ధం రాసి పంపాను. ఇప్పుడు నాగేశ్వరరావు నిజం చెబితే మా దరఖాస్తు అబద్ధమవుతుంది.

వెంటనే గంపలగూడెం వెళ్ళాల్సింది, వెళ్ళలేదు. ఫోను వస్తే పనిలో ఉన్నానన్నాను. ఏదో ఒక దారి దొరుకుతుందని నాకు నేను చెప్పుకుంటూ ప్రమాణపత్రానికి ఇచ్చిన గడువు తేదీ దాటనిచ్చాను. దారి వెతకడం కాదది, మొహం చెల్లకపోవడం. సాక్ష్యం లేదని దరఖాస్తు తిరస్కరించారు.

ఆ కాగితం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మల్లికార్జునరావు మంచం మీంచి లేవబోతే వద్దన్నాను. వాలీబాల్ అని రాసి ఉంటే సరిపోయేదని, తప్పు నాదేనని, చెప్పడానికి కూడా జంకి ఆలస్యం చేశానని చెప్పాను. పద్మ మాట్లాడింది.

"గోడ మాట అబద్ధమని మాకు తెలుసు గదండీ. మీరు పెద్ద హోదాలో చేసొచ్చారు, అట్టా రాయాలని రూలేమోననుకున్నాం. ఆరోజు నేను అడిగితే మీరిద్దరూ కలిసి నా నోరు మూయించారు."

ఆవిడ మంచినీళ్ళు తెచ్చి పెట్టింది, కానీ ఆ తర్వాత నన్ను అన్నయ్యగారూ అని పిలవలేదు.

అప్పీలు వేశాం. ఈసారి అతను చెప్పింది చెప్పినట్టు రాశాను. నాగేశ్వరరావు ప్రమాణపత్రం జత చేశాను. మొదటి దరఖాస్తులోని కథనం నా సొంత రాత అని సంతకం చేసి నా వాంగ్మూలమూ పెట్టాను. మెడికల్ బోర్డుకు పిలుపు రావడానికే ఏడాది దాటింది. ఈలోగా అతని రెండో కాలి మోకాలు కూడా పాడైంది. బరువంతా ఆ కాలి మీదే వేసి నడిచాడు మరి.

సైనిక ఆసుపత్రికి నేనూ తోడు వెళ్ళాను. బోర్డు అధ్యక్షుడైన ఆఫీసరు రెండు దరఖాస్తులూ పక్కపక్కన పెట్టుకుని, ఇందులో ఏది నిజమని అడిగాడు. వాలీబాల్ సార్ అన్నాడు మల్లికార్జునరావు. మరి మొదట గోడ అని ఎందుకు చెప్పావన్నాడు ఆఫీసరు. మల్లికార్జునరావు చేతికర్ర వదిలేసి, బల్ల అంచు పట్టుకుని సావధాన్‌లో నిలబడటానికి ప్రయత్నించాడు.

"నేనే అట్టా రాయమన్నాను సార్. సుబేదారు గారి తప్పేం లేదు."

నన్ను కాపాడటానికి తన దరఖాస్తును తానే చెడగొట్టుకుంటున్నాడు. నా వాంగ్మూలం ఫైల్లో ఉంది, ఇప్పుడు దానికీ అతని మాటకూ పొంతన లేదు. నేను లేచి, అతను చెప్పింది నిజం కాదని, ఆ రోజు అతను ఆట అనే చెప్పాడని, గోడ నేను పుట్టించానని చెప్పాను. ఎన్నాళ్ళు క్లర్కుగా చేశారని మాత్రం అడిగాడు ఆఫీసరు. చెప్పాను. రాసుకున్నాడు.

గాయం సర్వీసు కారణంగానే తగిలిందని ఒప్పుకున్నారు. వైద్య కార్డు వచ్చింది, తుంటి ఆపరేషన్ అయింది. మోకాలు మాత్రం కీలు మార్చినా చేను పనికి నిలవదని, ముందే వచ్చి ఉంటే అది పాడయ్యేది కాదని డాక్టర్లు చెప్పారు. అతను ఇప్పుడు ఇంటి చుట్టూ కర్రతో తిరుగుతాడు. చేలోకి వెళ్ళడు. పత్తి చేను కౌలుకిచ్చారు.

తర్వాత ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పని పద్ధతి మార్చుకున్నాను. దరఖాస్తు వాళ్ళ మాటల్లోనే రాసి, పైకి చదివి వినిపించి, సంతకం తీసుకోకుండా ఇంటికి పంపేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు చూసి దిద్దాకే తీసుకురమ్మనేవాణ్ణి. సిపాయి సుబేదారుకు ఎదురు చెప్పడు. యూనిఫాం విప్పి ఎన్నేళ్ళయినా చెప్పడు. అందుకని అతను ఒప్పుకున్నాడన్న మాటను నేను లెక్కలోకి తీసుకోకూడదు. ఇది నేర్చుకోవడానికి నాకు మరొకరి మోకాలు ఖర్చయింది.