కారణం అనే గడి

ఫైర్ స్టేషన్‌లో ఆయనకు అందరూ పెట్టిన పేరు ‘ఎందుకయ్యా’. మంటలు ఆర్పాక తక్కినవాళ్ళు పైపులు చుట్టుకుంటుంటే, ఆయన టార్చిలైటు పట్టుకుని ఆ తడి మసిలోకి వెళ్ళేవాడు. గోడల్ని, నేలని, కరిగిపోయిన ప్లగ్గుల్ని చూసుకుంటూ “ఎందుకయ్యా, ఎందుకు అంటుకున్నావు?” అని తనలో తను గొణుక్కునేవాడు. రిపోర్టులో ‘కారణం’ అనే గడి నింపే పని ఆయనది.

ఆ గడిలో చాలామంది కళ్ళు మూసుకుని ‘షార్ట్ సర్క్యూట్’ అని రాసేస్తారు. దానివల్ల ఎవరి మనసూ నొచ్చుకోదు. తప్పంతా తీగలది, తీగలేమో నోరెత్తవు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనా ఒకసారి అలాగే రాశాడు. ఒకాయన మంచం మీద సిగరెట్ కాలుస్తూ నిద్రపోయి పరుపు తగలబెట్టుకున్నాడు. “మా మామగారికి తెలిస్తే తల ఎత్తుకోలేం. మీ చెల్లెలు అడిగిందనుకోండి” అని అతని భార్య బతిమాలితే, పోనీలే పాపమని కరెంటు మీదికి తోసేశాడు. మామగారు ఆ రిపోర్టు నమ్మి గోడలు తవ్వించి, వైర్లన్నీ మార్పించి నిశ్చింతగా ఉన్నారు. పది నెలలు తిరిగేసరికి కొత్త పరుపూ అలాగే అంటుకుంది. ఈసారి ఆ మనిషి చేతులు రెండూ మణికట్ల దాకా కాలాయి. ఆస్పత్రిలో ఆ కట్లు చూసి వచ్చిన రోజు ‘ఎందుకయ్యా’కు ముద్ద దిగలేదు. మళ్ళీ ఆ గడిలో అబద్ధం రాయలేదు.

ఆయనతో చుట్టాలు వేగడం కష్టమే. ఎవరింటికైనా వెళితే మంచినీళ్ళు తాగకముందే సోఫా వెనక్కి తొంగి చూసేవాడు. హీటరు, ఇస్త్రీపెట్టె ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి ఉంటే, చెప్పా పెట్టకుండా ఒకటి పీకేసేవాడు. “ఈయన మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు నన్ను చూడలేదు, మెయిన్ స్విచ్‌ని చూశాడు” అని భార్య నలుగురిలో ఆట పట్టించేది.

ఒక మధ్యాహ్నం మూడంతస్తుల ఇంట్లో, రెండో అంతస్తులో వంటగది అంటుకుంది. ఆ వాటాలో ఉండేది ముగ్గురు. ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసే కొడుకు, ఇంట్లోనే బట్టలు కుట్టే కోడలు, ఎనభైకి దగ్గర పడిన అత్తగారు. కోడలు అత్తగారిని బయటికి లాగి, వంటగది తలుపు గట్టిగా మూసేసి ఫోన్ చేసింది. తలుపు మూయబట్టే మంట ఆ ఒక్క గదితో ఆగింది.

ఆర్పాక ‘ఎందుకయ్యా’ లోపలికి వెళ్ళాడు. స్విచ్‌బోర్డు దగ్గర తీగల పైతొడుగు కరిగింది గానీ, లోపలి రాగి చెక్కుచెదరలేదు; అంటే మంట అక్కడ పుట్టలేదు. పొయ్యి మీది గోడ మాత్రం కప్పు దాకా నల్లబడింది. పొయ్యి మీద బాణలి, దాని చుట్టూ చిమ్మిన నూనె, నేల మీద దొర్లిన చెంబు. ఇక గోడల్ని అడగడానికేమీ లేదు.

బయటికి రాగానే కోడలు పక్కకు పిలిచింది.

“అన్నయ్యా, ఒక్క మాట. షార్ట్ సర్క్యూట్ అని రాయండి. కుదరకపోతే నేనే చేశానని రాయండి. నిజం తెలిస్తే మా ఆయన అత్తయ్యను పొయ్యి దగ్గరికి పోనివ్వడు. ఆవిడకు మోకాళ్ళు పోయాయి, బయటికి వెళ్ళే శక్తి లేదు. మిగిలింది ఆ వంటగది ఒక్కటే.”

“అబద్ధం రాస్తే మీరు వైర్లు మార్పిస్తారమ్మా. మంట మాత్రం మళ్ళీ పొయ్యి మీదే వస్తుంది.”

ముసలావిడ మెట్ల మీద కూర్చుని ఉంది. ఒక కనుబొమ్మ కమిలిపోయింది. ఆయన కింది మెట్టు మీద కూర్చుని ఏం జరిగిందని మెల్లగా అడిగాడు.

“దాచడానికేముంది నాయనా,” అంది ఆవిడ. “నూనె పెట్టి, కాగేలోపు కిటికీ దగ్గర కూర్చుందామనుకున్నా. కన్నంటుకుంది. లేచి చూస్తే బాణలి భగ్గుమంటోంది. చెంబుడు నీళ్ళు పోశా. ఆరుతుందనుకుంటే నా ముఖం మీదికే లేచింది.”

అప్పుడే కొడుకు ఇంకు చేతులతో, రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. చివరి మాటలు అతని చెవిన పడ్డాయి. తల్లి క్షేమంగా ఉందని చూసుకున్నాక భయమంతా కోపమైంది.

“అమ్మా, ఇవాళ్టితో నీకు వంటగదికి సెలవు!”

ముసలావిడ తల దించుకుంది. ‘ఎందుకయ్యా’ లేచి నిలబడ్డాడు.

“బాబూ, మీరే ఇంట్లో ఉండి, బాణలి అంటుకుంటే ఏం చేసేవారు?”

“ఏముంది, నీళ్ళు పోసేవాణ్ణి.”

“అయితే మీకూ సెలవే.”

కోడలికి ఏడుపులో నవ్వొచ్చింది. కొడుకు మాత్రం నవ్వలేదు. ‘ఎందుకయ్యా’ గడిలో ఉన్నదున్నట్టు రాశాడు: నూనె పొయ్యి మీద పెట్టి వదిలేయడం, మండే నూనెలో నీళ్ళు పోయడం.

ఆదివారం తన సెలవు రోజున ఆయన మళ్ళీ వెళ్ళాడు. చల్లటి బాణలి పెట్టి ముగ్గురి చేతా సాధన చేయించాడు. ముందు పొయ్యి కట్టేయాలి. పక్కనుంచి జరుపుతూ మూత పెట్టాలి. పూర్తిగా చల్లారేదాకా తీయకూడదు. బాణలి కదపకూడదు, నీళ్ళ మాటే తలవకూడదు. మంట మూతకు లొంగకపోతే తలుపు మూసి బయటపడి ఫోన్ చేయాలి.

“మూత పెట్టడం నాకు నేర్పుతున్నావా నాయనా?” అంది ముసలావిడ. “అరవై ఏళ్ళ నుంచి గిన్నెలకు మూతలు పెడుతూనే ఉన్నా. మంటకు కూడా పెట్టొచ్చని ఎవరూ చెప్పలేదు.”

కొడుకు దిగిరావడానికి మరో వారం పట్టింది. తర్వాత తనే పొయ్యి పక్కన వేయడానికి ఒక ఎత్తు కుర్చీ తెచ్చాడు. నూనె కాగుతున్నంతసేపూ ఆవిడ కుర్చీ దిగకూడదనేది ఒప్పందం. మంట అంటుకుంటుందని కిటికీ తెర తీసేశారు. మూత చేతికందేలా మేకుకు వేలాడదీశారు.

రెండేళ్ళ తర్వాత బజారులో కోడలు ఎదురైతే ‘ఎందుకయ్యా’ అత్తగారి గురించి అడిగాడు.

“వంట మానేసింది అన్నయ్యా. మొన్నొక రోజు, సన్నమంట వెలుగుతోందో లేదో కనబడటం లేదని గరిటె నా చేతికిచ్చింది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని నా వంటకు వంకలు పెడుతోంది.”

“ఎవరూ చెప్పకుండానే?”

“ఎవరూ చెప్పలేదు. తనంతట తనే.”

ఇంటికి వెళ్ళాక ఆయన ఆ సంగతి భార్యకు రెండుసార్లు చెప్పాడు.