అమ్మ పక్కన నా జాగా

మనవరాలితో రాయిస్తున్నాను. మన ఏసు గుడి వాట్సాప్ గ్రూపులో నిన్న పెట్టిన పాత ఫొటో చూశారా? మన చిన్నప్పుడు మక్తల్ దగ్గర గుట్టకు వనభోజనానికి పోయాం, మోదుగాకుల్లో వేడి వేడి పులిహోర తిన్నాం, గుర్తుందా? సముద్రాలు దాటి సేవకొచ్చిన దొరసాని తీసిన ఫొటో అది. అందులో మా అమ్మ పక్కన నవ్వుతున్నది నేను కాదు, సంఘపెద్ద బిడ్డ దెబోరా.

"చినిగిన లంగతోని ఫొటోల నిలవడ్తవా? జరుగవే!" అని నన్ను నెట్టేసింది.

"నా బిడ్డను గూడ రానియ్యుండ్రి," అని అమ్మ అంటుండగానే దొరసాని కెమెరా నొక్కేసింది.

ఆ ఎండాకాలమే అమ్మ పోయింది. ఆమెకు ఇంకో ఫొటో లేదు.

దెబోరా, దాని కింద "ఆ రోజులే వేరు" అని రాశావట. గుడి గోడకు తగిలిస్తారట. ఆదివారం సంఘమంతా వినేలా, ఆ జాగా ఎవరిదో నీ నోటితో చెప్పు. అప్పటిదాకా ఆ గోడకు మేకు కూడా కొట్టనివ్వను.