పరదా చాటు చేయి

మా చుట్టాలు ఇప్పుడు ఆమెను దేవత అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. దేవతలను ఇంట్లో పెట్టి పూజ చేస్తారు. మా బాపమ్మను, అంటే మా నాన్నను కన్నతల్లిని, వంటింటి గడపా, నడిమింటి గడపా తొక్కనివ్వలేదు. ఆమె తినే తామచీని పళ్లెం, అంటే ఎనామిల్ పూత పళ్లెం, పెరట్లో జామచెట్టు మొదట్లో బోర్లించి ఉండేది. ఎందుకంటే ఆమె జనానా దవాఖానలో నర్సు. కాన్పుల నెత్తురు ముట్టుకుంటుంది, ఏ కులమో ఏ మతమో అడగకుండా అందరినీ ముట్టుకుంటుంది. ఆమె జీతంతో వచ్చిన బియ్యానికి మాత్రం మైల లేదు. ఇంటిల్లిపాదీ ఆ బియ్యమే తినేవాళ్లం.

శాలిబండలోని ఆ ఇంటికి పెద్ద మా పెద్ద తాత, బాపమ్మ భర్తకు అన్న. ఒక నవాబు ఉండే దేవిడీలో కొలువు చేసేవాడు. అక్కడి పద్ధతులన్నీ మోసుకొచ్చి మా ఇంట్లో దింపాడు. ఆడవాళ్లకు ఘోషా. జట్కా ఎక్కితే చుట్టూ దుప్పటి కట్టాలి. బాపమ్మ ఒక్కతే తెల్లచీర కట్టి, కాళ్లకు బూట్లు తొడిగి, చార్మినార్ మీదుగా అందరి ముందూ నడిచి డ్యూటీకి పోయేది. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడకూడదన్న ఆచారం ఎలాగూ ఉంది, దానికి ఈ కోపం తోడైంది. ఏం చెప్పాలన్నా మధ్యలో నేను. నాకప్పుడు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. ఇద్దరూ ఒకే వాకిట్లో ఉన్నా, "మీ బాపమ్మకు చెప్పు" అని ఆయన, "మీ తాతకు చెప్పు" అని ఆమె. ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినబడుతూనే ఉండేవి.

ఆ చలికాలం ఊళ్లో ప్లేగు వచ్చింది. మా గల్లీలో ఎలుకలు చచ్చి పడ్డాయి. వీలున్నవాళ్లు ఇళ్లకు తాళాలు వేసి బహదూర్‌పురా అవతల మైదానంలో గుడిసెలు వేసుకున్నారు. బాపమ్మ దవాఖానలో డాక్టరమ్మను అడిగి సూదిమందు ఇంటికి తెచ్చింది.

"మీ తాతకు చెప్పు. ఇంట్ల అందరు సూది ఏసుకోవాలె. నన్ను వద్దంటే మగ డాక్టర్ వస్తడు, ఆయనే ఏస్తడు."

"మీ బాపమ్మకు చెప్పు. మా ఇంటి ఆడోళ్లు ఎవ్వల ముందటికి రారు. మైల బట్టలతోని ఆమె లోపలికొస్తే ఊకోను."

బేరం చివరికి ఇలా తెగింది. నడిమింటి గుమ్మానికి పరదా కడతారు. బాపమ్మ వాకిట్లోనే ఉండాలి. ఆడవాళ్లు ఒక్కొక్కరే పరదాలోంచి చేయి మాత్రం బయట పెట్టాలి. దేవిడీలో హకీం నాడి చూసేదీ అలాగే కదా అని పెద్ద తాత తృప్తిపడ్డాడు.

తృప్తిపడి ఊరుకోలేదు. మా అమ్మకు సూది వేయించొద్దని పెద్దమ్మకు, అంటే తన కోడలికి, చాటుగా చెప్పాడు. అమ్మ చంటి తమ్ముడికి పాలిస్తోంది. మందు పాలలోకి దిగితే ఇంట్లో ఉన్న ఒక్క మగబిడ్డకు ఏమవుతుందో అని ఆయన భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. ఆ బిడ్డకు తల్లి కూడా కావాలన్న సంగతి ఆయనకు తట్టకపోవడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పెద్దమ్మ తన కుడిచేతికి సూది వేయించుకుంది. తర్వాత అమ్మ వంతు. అమ్మ గాజులు బాపమ్మకు గుర్తే. చార్మినార్ దగ్గర తనే కొనిచ్చిన ఎర్ర లక్కగాజులు. కాబట్టి అమ్మకు బదులు పెద్దమ్మ చాపబోయే ఎడమచేతికి అవి ఎక్కాలి. అమ్మది పుల్లలాంటి చేయి, పెద్దమ్మది పిండిముద్ద. సబ్బు నురగ పూసి, పళ్లు బిగబట్టి, పెద్దమ్మ ఎలాగో ఎక్కించుకుంది. అమ్మ తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని మూలన నోరెత్తకుండా కూర్చుంది. నాకు నవ్వు ఆగలేదు. పెద్దమ్మ నన్ను ఉరిమి చూసి చేయి బయటపెట్టింది.

బయట బాపమ్మ ఆ చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఎర్రగ వాసింది, సబ్బు కారుతున్నది. సూదికి తానం జేసొచ్చినవా బిడ్డా?" అంది బాపమ్మ.

తర్వాత పరదా కదిలింది. కదలడం కాదు, మేకులతో సహా ఊడి కిందపడింది. తెల్లచీరతో, బూట్లతో బాపమ్మ గడప దాటి నడిమింట్లోకి వచ్చింది. నేను పుట్టాక ఆమెను అక్కడ చూడటం అదే మొదలు.

"మీ బాపమ్మకు చెప్పు!" వెనక నుంచి పెద్ద తాత అరిచాడు. "ఇల్లంత మైల జేసింది. ఇగ ఈ ఇంట్ల ఆమెతోని ఎవ్వలు తినరు!"

బాపమ్మ నా వైపు చూడలేదు. తిరిగి ఆయన్నే సూటిగా చూసింది.

"పోరిని ఎందుకు నడుమ పెడతవ్ బావా? నాతోనే చెప్పు. నీ మనవరాండ్లను, నా మనవలను పుట్టంగనే పట్టుకున్నయి గీ చేతులే. అప్పుడు లేని మైల ఇప్పుడు ఎక్కడికెల్లి వచ్చింది?"

ఆమె అమ్మ ముందు కూర్చుంది.

"జ్వరం వస్తది, చెయ్యి గుంజుతది. పాలకు ఏం గాదు. దవాఖానల పాలిచ్చే తల్లులకు మస్తు మందికి ఏసిన. నీకు వద్దంటే బలవంతం లేదు బిడ్డా. కానీ వద్దని నువ్వే చెప్పాలె. నీకు బదులు ఇంకొకల చెయ్యి పెట్టుడు ఏంది?"

అమ్మ ఒకసారి వాకిలి వైపు చూసింది. తమ్ముణ్ణి నా ఒళ్లో పెట్టి, గాజుల్లేని కుడిచేయి చాపింది.

ఆ నెలలో మా గల్లీలోంచి చాలా పాడెలు లేచాయి. మా గుమ్మంలోంచి ఒక్కటీ లేవలేదు. అంతా దేవుడి దయ అన్నాడు పెద్ద తాత. "ఆ దేవునికి సూది పట్టుడు ఎవ్వలు నేర్పిన్రు?" అని బాపమ్మ మొహం మీదే అడిగింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరికి పెళ్లి కుదిరినా ముందు ఆమెనే అడిగేవారు. అవన్నీ తర్వాతి సంగతులు. నాకు కళ్లకు కట్టినట్టు ఉన్నది ఆ మధ్యాహ్నమే.

అన్నాలకు అందరూ వంటింట్లో కూర్చున్నారు. బాపమ్మ ఎప్పటిలాగే పెరట్లోకి పోయి పళ్లెం కడుక్కుంది. అమ్మ అన్నం గిన్నెను ఎడమచేత్తో చంకకెత్తుకుని, తలమీద కొంగు జారినా సర్దుకోకుండా, పెద్ద తాత ముందునుంచే నడిచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"అత్తా, చెయ్యి లేస్తలేదు. నువ్వే తినిపియ్యి" అంది.

బాపమ్మ ఆ తామచీని పళ్లెంలోనే అన్నం కలిపి అమ్మకు ముద్దలు పెట్టింది. నేను విస్తరి ముందునుంచి లేచి వెళ్లి వాళ్ల దగ్గర కూర్చున్నాను.

అంచులు పెచ్చులూడిన ఆ పళ్లెం నా దగ్గరే ఉంది. దేవత అంటూ ఆమె ఫొటోకు దండం పెట్టే చుట్టం వస్తే, అన్నం అందులోనే వడ్డిస్తాను. ఇది బాపమ్మ పళ్లెం అని చెబుతాను. తినేదాకా లేవనివ్వను.